నక్క మెచ్చిన ఆకు

అడవిలో జంతువులకు పనేముంటుంది, తినడం, తిరగడం, పడుకోవడమేగా అనుకుంటాం. కొండమల్లెల కోనలో ఆ మాట అంటే ఊరుకోరు. అక్కడ ప్రతి జీవికీ కథల పిచ్చి. రెండు మద్దిచెట్ల మధ్య అడ్డతీగ అల్లుకుని ఇంత పెద్ద పందిరిలా పరుచుకుంది. కథ రాసినవాళ్ళు వెడల్పాటి ఆకు మీద రాసి ఆ తీగకి గుచ్చి పోతారు. చదివినవాళ్ళు తమ మాటేదో చిన్నాకు మీద రాసి కింద తగిలిస్తారు. మీ ఫోన్లలో గ్రూపులున్నాయి చూశారూ, అచ్చం అలాగే. చార్జింగ్ గొడవ ఒక్కటే లేదు.

ఆ పందిరికి పెద్దదిక్కు ఏదుపంది ములుకమ్మ. ఇప్పటి మాటలో చెప్పాలంటే అడ్మిన్. ఆ పదవి ఆవిడకి ఎవరూ కట్టబెట్టలేదు. కలాలు ఆవిడ ఒంటి మీదే మొలుస్తాయి, అంతే! రాలిన ముల్లొకటి తీసి, కొస రాతికి అరగదీసి, నేరేడుపళ్ళ రసంలో ముంచి ఇస్తే అదే కలం. ములుకమ్మ చేతి ముల్లు అందుకున్నవాళ్ళు పందిరిలో మెంబరైపోయినట్టే. కొత్తవాళ్ళకి పద్ధతి కూడా ఒక్కటే. పాతవాళ్ళలో ఒకరు వచ్చి "మనవాడే, నాదీ పూచీ" అనాలి. ఇన్నేళ్ళూ ఆ మాటతోనే పందిరి చల్లగా నడిచింది.

అలాంటి చోటికి ఓ రోజు జంబులింగం దిగాడు. గుంటనక్క. మెడలో రుద్రాక్షల్లాంటి రేగుగింజల దండ, నోట్లో చక్కెర.

"అక్కయ్యగారూ! మీ పందిరి పేరు వాగవతలి అడవిదాకా మోగిపోతోందండీ. చూసి తరిద్దామని వచ్చాను."

"పూచీ ఎవరు?" అంది ములుకమ్మ.

"నేను!" అని లేచాడు ఎలుగుబంటి బొచ్చయ్య. అప్పటికే నక్క ఆయన తేనెపాట విని మూడుసార్లు కళ్ళు తుడుచుకున్నాడులెండి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, నక్క నోటికి ఎలుగుబంటి బోల్తా పడ్డాడు.

ముల్లు చేతికొచ్చిన సాయంత్రమే జంబులింగం వెన్నెల మీద ఓ కవిత తగిలించాడు. బాగానే ఉంది. కడపటి పాదంలో మాత్రం, "ఈ వెన్నెల మెరుపు మీ జుట్టుకీ కావాలా? వాడండి జంబులింగం తైలం. దొప్పకి రెండు పీతలు మాత్రమే" అని ఉంది. అందరూ పడీపడీ నవ్వారు. కవిగారు సరదా మనిషి అనుకున్నారు. బొచ్చయ్యకి ఎప్పట్నుంచో వీపు మీద బొచ్చు రాలుతోంది, ఆయన నవ్వలేదు. మర్నాడే నాలుగు పీతలు పట్టుకెళ్ళి రెండు దొప్పలు తెచ్చుకున్నాడు.

ఆ వారమే ఒక చిలక వచ్చింది. పూచీ జంబులింగం. మర్నాడు ఇంకో చిలక, పూచీ మొదటి చిలక. ఆ మర్నాడు నాలుగు. చూస్తూండగానే నలభై చిలకలు ముళ్ళు పట్టుకుని తీగ నిండా కూర్చున్నాయి. ఏ కథ తగిలించినా సరే, ఆకు తీగ మీద పడీ పడకముందే నలభై చిన్నాకులు వేలాడేవి. అన్నిటి మీదా ఒకటే మాట: "అద్భుతం! మనసుకు హత్తుకుంది! జుట్టు రాలుతోందా? జంబులింగం తైలం!"

కథలు కింద పడ్డాయి, తైలం పైకొచ్చింది. పందిరికి ఏకు మేకై కూర్చుంది.

ఎద్దు ఓబన్న ఓర్పుకి పెట్టింది పేరు. ముల్లు గుచ్చినా ముప్పావుగంట తర్వాత 'అబ్బా' అనే రకం. అలాంటివాడు ఓ సాయంత్రం నేరుగా ములుకమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"చెల్లమ్మా, నేనింక రాయను."

"అదేంటన్నయ్యా! నీ వానల కథ ఇంకా నడుస్తోందిగా?"

"నడిచింది. నాతో పెరిగిన దూడ వరదకి కొట్టుకుపోయిన చోటు నిన్న రాశాను. రాస్తూ రెండుసార్లు లేచెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. కింద ఏం తగిలించారో చూశావా?"

ములుకమ్మ చూసింది. "కడుపుబ్బ నవ్వాం! ఇలాంటివే మరిన్ని రాయండి! జంబులింగం తైలం!"

"తిడితే పడతాను," అన్నాడు ఓబన్న. "బాలేదంటే మళ్ళీ రాస్తాను. ఇదేంటమ్మా? గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం కదా, కనీసం నవ్వదు. ఈ వారం చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నా ముల్లు నీకిచ్చేస్తా."

ములుకమ్మ లెక్కేసుకుంది. ఓబన్న వెళ్ళాడంటే వెనకే నలుగురు వెళ్తారు. ఆ తర్వాత పందిరిలో మిగిలేది చిలకలూ తైలమూనూ. తన ఒంటి మీంచి రాలిన ప్రతి ముల్లుతో కట్టుకున్న పందిరి అది! ఉరుకులు పరుగుల మీద నక్క దగ్గరికెళ్ళి నిలదీసింది.

"రూలు మీదేగా అక్కయ్యా," అన్నాడు జంబులింగం, దండ సర్దుకుంటూ. "ప్రతి చిలకకీ పూచీ ఉంది. ఒక్కటి లేకపోతే చూపించండి, ఇప్పుడే తోలేస్తాను."

చూపించడానికేముంది? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. ములుకమ్మ వెనుదిరిగి వచ్చేసింది.

వచ్చి, రాత్రంతా ముళ్ళు విదిలించుకుని, తెల్లారేసరికి కొత్త రూలు పెట్టింది. ఇక మీదట ఒకరి పూచీ చాలదు, ముగ్గురిది కావాలి. అదీగాక మెంబరు కాదల్చుకున్నవాళ్ళు పందిరి ముందున్న బండ ఎక్కి, అందరూ చూస్తుండగా గట్టిగా అయిదు ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

మొదటి రోజే అయిదు కొత్త చిలకలొచ్చాయి. పూచీలకి కొదవా? నలభై ఉన్నాయాయె! బండ మీద నిలబడి అయిదు ప్రశ్నలకీ గణగణ చెప్పేశాయి. చెప్పడమే కదా వాటి చదువు. ములుకమ్మ పళ్ళు నూరుకుంటూ అయిదు ముళ్ళూ ఇచ్చింది.

ఆరోది బండెక్కింది అలుగు అలివేలు. వాగు పక్క బొరియలో ఒంటరిగా ఉండే పిల్ల. ఒంటి నిండా పొలుసులు, మనసు నిండా బెరుకు. ఎవరైనా పలకరిస్తే చాలు, బంతిలా చుట్టుకుపోతుంది. పందిరికి రావాలని మొన్న ఎండాకాలం నుంచీ ధైర్యం కూడగట్టుకుంటోంది.

"నీకు పూచీ ఎవరమ్మా?" అంది ములుకమ్మ, మెత్తగానే.

"ఎవరూ..." అంది అలివేలు.

"గట్టిగా! గట్టిగా!" అని అరిచాయి చిలకలు.

అంతే. అలివేలు తల కడుపులో దూర్చి బంతైపోయింది. జంబులింగం పకపకా నవ్వాడు. "పందిరికి ఇలాంటివాళ్ళు దేనికక్కయ్యా, బంతాటకి తప్ప?"

ఆ బంతి బండ మీంచి దొర్లి, వాలు వెంబడి వాగు దాకా దొర్లుకుంటూ పోయింది. చిలకలు చప్పట్లు కొట్టాయి. ములుకమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుందట వెనకటికొకావిడ. తను చేసిందీ అదే. ఎలుకలు నిక్షేపంలా ఉన్నాయి, ఇల్లే కాలింది.

మర్నాడు పొద్దున్నే గుప్పెడు చెదపురుగులు దొన్నెలో వేసుకుని అలివేలు బొరియ ముందుకెళ్ళింది.

"అమ్మాయ్, అలివేలూ! తప్పు నాదేనే. బయటికి రా."

లోపల్నుంచి ముక్కు కొస ఒక్కటే వచ్చింది. "ఫర్వాలేదత్తా. నాకు ముల్లు అక్కర్లేదు. చదువుకుంటే చాలు."

"ఎక్కడ చదువుతావు?"

"పందిరి దగ్గరే. తెల్లారగట్ల ఎవరూ లేనప్పుడొచ్చి అన్ని ఆకులూ చదివి పోతాను. చిలకలవి పక్కకి జరుపుకుంటూ చదవాలి, కొంచెం ఆలస్యమవుతుంది." ముక్కు ఇంకాస్త బయటికి పెట్టి, "ఓబన్న మామయ్య కథలో దూడ పేరు మొదటి వానకి గంగి. మూడో వానకి గౌరి అయింది. మామయ్యకి ఎవరైనా చెబితే బాగుండు" అంది.

ములుకమ్మ చేతిలో దొన్నె కింద పెట్టేసింది. పందిరిలో నలభై అయిదు చిలకలు, ఒక నక్క, ఇంతమంది మెంబర్లు. దూడ పేరు మారిందని కనిపెట్టింది మెంబరు కాని ఈ పిల్ల!

"మరి చిలకలు చెప్పలేదేమే?"

"అవి చదివితేగా అత్తా! పైన పేరు చూస్తాయి, రాసేస్తాయి. నక్కబాబాయ్ కూడా అంతే. ఆయనకి అసలు తీరికెక్కడ, పొద్దున్నే వాగు దగ్గర తైలం కలుపుకోవాలిగా. రోజూ నా బొరియ ముందే కలుపుతాడు."

"ఏమేం కలుపుతాడు?"

అలివేలు చెప్పింది. విన్నకొద్దీ ములుకమ్మ ఒంటి మీద ముళ్ళన్నీ ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే నాలుగు ముళ్ళు రాలిపోయాయి.

"అలివేలూ, ఇదంతా ఒక ఆకు మీద రాసిస్తావా? ఉన్నదున్నట్టు. పేరు మాత్రం చల్లగా పెట్టు."

"నాకు ముల్లు లేదుగా?"

"గోరుందిగా?"

మూడో రోజు పొద్దున్నే పందిరి నడిమధ్యన కొత్త ఆకొకటి వేలాడింది. పేరు, 'వాగు ఒడ్డున ఓ ఉదయం'. రాసినవాళ్ళ పేరు లేదు. మధ్యాహ్నానికల్లా కింద నలభై అయిదు చిన్నాకులు పడ్డాయి. "అక్షరసత్యం! అందరూ చదివి తీరాలి! జంబులింగం తైలం!" అన్నిటికంటే పైన నక్కగారి సొంత పంజా ముద్ర: "ఉదయాన్ని ఇంత అందంగా చూపించిన మరో రచన లేదు. మీ జుట్టూ ఇంతే అందంగా ఉండాలంటే..."

సాయంత్రం అందరూ చేరారు. ఓబన్న ముల్లు తిరిగిచ్చేద్దామని పట్టుకునే వచ్చాడు. బొచ్చయ్య వీపు గోక్కుంటూ వచ్చాడు. అలివేలు మద్దిచెట్టు వెనక బంతిలా కూర్చుంది.

ములుకమ్మ గొంతు సవరించుకుంది. "జంబులింగం గారూ, ఈ ఆకు మీకు నచ్చిందట?"

"నచ్చడమా! మూడుసార్లు చదివానక్కయ్యా. మూడోసారి కన్నీళ్ళతో ఆకు తడిసిపోయింది."

"రాసినవాళ్ళు కొత్తవాళ్ళు. పూచీ కావాలి. మీరు పడతారా?"

నక్క ఛాతీ ఉబ్బించాడు. కొత్త మెంబరంటే కొత్త గిరాకీ. "ఎందుకు పడను? ఇందులో ప్రతి అక్షరానికీ నాదీ పూచీ! చిలకల్లారా, మీరు?"

"పూచీ! పూచీ! అక్షరసత్యం!"

"ముగ్గురు చాలంటే నలభై ఆరుగురొచ్చారు, సంతోషం," అంది ములుకమ్మ. "ఇంత మెచ్చుకున్నారు కదా, మీ కమ్మని గొంతుతోనే చదివి వినిపించండి."

జంబులింగం తోక ఊపుకుంటూ ఆకు అందుకున్నాడు. "ఆ ఉదయం వాగు మీద పొగమంచు కమ్మింది. నేను చీమల కోసం మట్టి తవ్వుతున్నాను. ఆహా! ఏమి వర్ణన! అప్పుడు అక్కడికి ఒక న... ఒక... ఒక హంస వచ్చింది."

బొచ్చయ్య వెనకనుంచి తల వంచి చూశాడు. "హంస ఎక్కడయ్యా? నక్క అని ఉంది!"

"చూపు ఆనలేదు బావా, సందె పొద్దు కదా..."

"ఇలా తే, నాకు ఆనుతుంది." ఎలుగుబంటి ఆకు లాక్కుని గట్టిగా చదివాడు. "ఒక నక్క వచ్చింది. బండ గుంటలో ఇంత నాచు వేసింది."

"అక్షరసత్యం!" అన్నాయి చిలకలు. వాటికి అలవాటైపోయింది, పాపం.

"దాని మీద చింతగింజల జిగురు పోసింది. వాగు నీళ్ళు కలిపింది. గరిటె లేక తోకతో తిప్పింది."

"అక్షరసత్యం! అందరూ చదివి తీరాలి!"

"నోరు ముయ్యండర్రా!" అని గింజుకున్నాడు నక్క.

"తోకకి అంటింది నాకి చూసి, థూ అని ఉమ్మేసి, ఎలుగుబంటికి... ఎలుగుబంటికి ఈ మాత్రం చాల్లే అంది."

"మనసుకు హత్తుకుంది!"

బొచ్చయ్య ఆకు దించి తన వీపు తడుముకున్నాడు. చింతగింజల జిగురు! అదా సంగతి! పది రోజుల నుంచి ఆయన వీపు మీద చీమలు పిల్లాపాపలతో కాపురం పెట్టాయి. అది బొచ్చు మొలుస్తున్న దురద అని నక్క చెప్తే నమ్మాడు.

"అబద్ధం! అంతా అబద్ధం!" అని అరిచాడు జంబులింగం.

"అబద్ధమెలా అవుతుందీ?" అంది ములుకమ్మ, చెయ్యి నడుం మీద పెట్టుకుని. "ప్రతి అక్షరానికీ మీదే పూచీ. మూడుసార్లు చదివారు కూడానూ. పోనీ చదవలేదని ఒప్పుకోండి, వదిలేస్తాను. అప్పుడు మీరు రాసిన పొగడ్తలన్నీ ఏమైనట్టు?"

ఏ మాటన్నా తగులుకునేలా ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా జంబులింగం అటు చూశాడు, ఇటు చూశాడు. "అది... వాగు దగ్గరికి నేను... మా దూరపు చుట్టానికి ఒంట్లో బాలేక..."

"తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డికన్నాట్ట," అన్నాడు ఓబన్న నిదానంగా. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒకరిని ఎకసెక్కం చెయ్యడం అదే మొదలు. పందిరంతా గొల్లుమంది.

బొచ్చయ్య ఒక్క అడుగు ముందుకేశాడు. జంబులింగం ముల్లు కింద పారేసి, దండ తెంపుకుని, వాగు దూకి, వెనక్కి చూడకుండా పోయాడు. దూకేటప్పుడు కూడా చిలకలు "అద్భుతం!" అనడం మానలేదు.

ఆ రోజే ములుకమ్మ రూలు మార్చింది. పూచీలు రద్దు. బండెక్కి అరవడం రద్దు. నీ ఆకు తగిలించాలంటే ముందు ఇంకొకరి ఆకు చదువు. చదివినవాళ్ళకే తెలిసే సంగతి ఒక్కటి చెప్పు. మెచ్చుకోనక్కర్లేదు, తిట్టినా ఫర్వాలేదు. గట్టిగా కూడా అక్కర్లేదు, నా చెవిలో చెప్పినా సరే.

చిలకలు ఒకదాని మొహం ఒకటి చూసుకుని బుర్రుమని ఎగిరిపోయాయి. ఒక్కటి మాత్రం కొంతదూరం వెళ్ళి తిరిగొచ్చింది. "నిజంగానే చదవాలా? అయితే ఎక్కణ్ణుంచి మొదలెట్టను?" అని అడిగితే ములుకమ్మ దాన్ని ఓబన్న మొదటి ఆకు ముందు కూర్చోబెట్టింది. తైలం ఆకులన్నీ పీకి కుప్పపోస్తే ఓబన్న తాపీగా నమిలేశాడు. "రాతలో పస లేదు గానీ ఆకులు లేతగా ఉన్నాయి" అన్నాడు.

"అంతా బానే ఉంది, నా గతేంటి?" అన్నాడు బొచ్చయ్య, వీపు చెట్టుకేసి రుద్దుకుంటూ.

మద్దిచెట్టు వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. "పెదనాన్నా... ఆ చీమలు మీకు అక్కర్లేకపోతే... నేను తినచ్చా?"

అందరూ అటు తిరిగారు. ఇన్ని కళ్ళు తన మీద పడేసరికి అలివేలు సగం చుట్టుకుంది. చీమల వాసనకి మళ్ళీ విప్పుకుంది. మళ్ళీ చుట్టుకుంది. చివరికి ఆకలే గెలిచింది. ఎలుగుబంటి బోర్లా పడుకుంటే, ఆ పిల్ల వీపెక్కి జానెడు నాలుకతో బరబరా నాకుతూంటే, ఆయన చక్కిలిగింతలకి కోనంతా దద్దరిల్లేలా నవ్వాడు.

"ఆ ఆకు రాసింది ఈ పిల్లే," అంది ములుకమ్మ. అని, తన వీపు మీంచి అన్నిటికంటే నిటారుగా ఉన్న ముల్లు చూసి పీకింది. రాలినది కాదు, పీకింది. కళ్ళంట నీళ్ళొచ్చాయి, లెక్కచెయ్యలేదు. అలివేలు చేతిలో పెట్టింది.

అలివేలు ముల్లు తీసుకుంది గానీ ఆమె చూపు ఓబన్న మీదే ఉంది. ఓబన్న పక్కకెళ్ళి, మళ్ళీ తీగకి గుచ్చిన ఆ ఆకు ముందు నిలబడ్డాడు. పెదవులు కదుపుకుంటూ, ఒక్కొక్క మాటే చదివాడు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి. "ఆఖర్న 'ఆ పని చూసి సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకి పోయాడు' అని రాశావు చూడు, ఆ వాక్యం తీసెయ్. ఎక్కువైంది. ఉమ్మేసిన చోటే నీ కథ అయిపోయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అసలే బెరుకు పిల్ల, మొదటి కథ, ఇప్పుడు మళ్ళీ బంతైపోతుందేమోనని ములుకమ్మ రెండడుగులు ముందుకేసింది.

అలివేలు బంతి కాలేదు. మొహం ఇంత చేసుకుని, "మామయ్యా! ఆఖరి దాకా చదివారా!" అంది. ఆ సంతోషానికి ఎలుగుబంటి వీపు మీంచి జారి కిందపడి, పడిన చోటే కూర్చుని నవ్వింది.

చదివి తప్పు చెప్పినవాడు చుట్టం, చదవకుండా మెచ్చినవాడు బేరగాడు.